ఇల్లు – స్థలం: బెంగళూరు చుట్టూ పల్లెల్లో కట్టుకునేవారి ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హొసకోటె, దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర, నెలమంగల తాలూకాల్లో భూమి కొన్న తెలుగువాళ్లు రాసినవే. ఊళ్లు వేరైనా అందరి చిక్కూ దాదాపు ఒక్కటే. భూమి ఎవరిదో చెప్పే కాగితాన్ని, ఆ భూమిలో కట్టుకోవచ్చని చెప్పే కాగితంగా తీసుకుంటున్నారు. ఈ రెండూ వేర్వేరు ఆఫీసుల నుంచి వస్తాయి. మొదటిది చేతిలో ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

ప్రశ్న: హొసకోటె దగ్గర 30×40 సైటు కొన్నాం. రిజిస్ట్రేషన్ అయింది. పంచాయతీ ఖాతా (ఆస్తి నమోదు పత్రం) ఫారం 11బి ఇచ్చింది, ఏటా పన్ను కడుతున్నాం. తీరా ఇల్లు మొదలుపెడదామంటే బ్యాంకు లోను ఇవ్వనంది. అమ్మినాయన మాత్రం అన్నీ సక్రమంగానే ఉన్నాయంటున్నారు. ఇప్పుడు మేమేం చేయాలి?
— ఒక పాఠకురాలు, హొసకోటె

అమ్మా, మీ దగ్గరున్న మూడు కాగితాలూ నిజమైనవే. కానీ ఇల్లు కట్టుకోవచ్చని వాటిలో ఏదీ చెప్పదు. రిజిస్టరు పత్రం ఎవరు ఎవరికి అమ్మారో చెబుతుంది. పన్ను రసీదు పంచాయతీకి డబ్బు ముట్టిందని చెబుతుంది. ఇక 11బి, అసలు సంగతి దాంట్లోనే ఉంది.

గ్రామ పంచాయతీ ఆస్తుల వివరాలు 2013 నుంచి ఇ–స్వత్తు అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంటున్నాయి. సైటు గ్రామఠాణాలో ఉన్నా (మన ఊళ్లలో గ్రామకంఠం అంటాం), కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వేరే ఉపయోగానికి మార్చుకునే అనుమతి) అయి ప్లానింగ్ అథారిటీ ఆమోదం పొందిన లేఔట్‌లో ఉన్నా, దానికి ఫారం 9, ఫారం 11ఎ జంటగా వస్తాయి. ఆ అర్హత లేని ఆస్తిని పంచాయతీ వేరే రిజిస్టరులో రాసుకుని ఇచ్చేదే 11బి. మీ ఆస్తి మా లెక్కలో ఉంది అని చెప్పడమే దాని పని. మీ బ్యాంకు వెనకడుగు వేసింది దాన్ని చూసే అయి ఉంటుంది.

ముందు మీ సైటు ఏ సర్వే నంబరులోంచి వచ్చిందో అమ్మకపు పత్రంలో చూడండి. ఆ నంబరుకు ఆర్‌టీసీ, అంటే యజమాని, విస్తీర్ణం వివరాలుండే పహణి, ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటైన భూమి పోర్టల్‌లో తీయించండి. తర్వాత హొసకోటె ప్లానింగ్ అథారిటీకి అదే నంబరు రాసిచ్చి, మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి ఏ జోన్‌లో ఉందో రాతపూర్వకంగా అడగండి. ఆ జవాబును బట్టి మీ పరిస్థితి ఈ మూడింట్లో ఒకటి అవుతుంది.

కన్వర్షన్ ఆర్డరు ఉండి లేఔట్ ప్లానుకు మాత్రం ఆమోదం లేకపోతే, కొంత దారి ఉంది. పక్క సైట్లవాళ్లతో కలిసి అథారిటీ దగ్గరికి వెళ్లండి. రోడ్ల వెడల్పు, పార్కు, పౌర వసతుల స్థలం నిబంధన ప్రకారం మిగిలి ఉన్నాయా అన్నది వాళ్లు మొదట చూస్తారు. రోడ్లు 20 అడుగులకే కోసి, పార్కు స్థలాన్ని కూడా సైట్లుగా అమ్మేసి ఉంటే ఆమోదం రావడం చాలా కష్టం.

కన్వర్షన్ లేదు కానీ ఎల్లో జోన్, అంటే నివాస ప్రాంతం అనుకోండి. అప్పుడు కన్వర్షన్‌కు దరఖాస్తు ఆర్‌టీసీలో పేరున్న మనిషే పెట్టాలి. అక్కడ ఇంకా పాత రైతు పేరే ఉంటే, సైటు కొన్నవాళ్లు ఎంతమంది వెళ్లినా దరఖాస్తు తీసుకోరు. ఆ రైతు చేత, మీకు అమ్మినాయన చేత ఈ పని చేయించడానికి లాయరు నోటీసు అవసరం కావచ్చు. ఆలస్యం చేయకండి. రైతు కాలం చేస్తే ఆ సంతకం కోసం వారసులందరి చుట్టూ తిరగాలి.

మూడోది గ్రీన్ జోన్, అంటే వ్యవసాయ ప్రాంతం. ఇది చెప్పడం మాకూ బాధగానే ఉంది, కానీ చెప్పకపోతే మీకు ఇంకా నష్టం. అలా అయితే పునాది తీయకండి. సైటులో ఇరుక్కున్న డబ్బు ఒకెత్తు, దాని మీద ఇంటి ఖర్చు కూడా పోతే అది మరొకెత్తు. “అక్రమ–సక్రమలో సరిచేస్తారు” అని అమ్మేవాళ్లు అంటుంటారు. అనుమతి లేని కట్టడాలను రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే ఆ పథకం మీద 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ మాటను నమ్ముకుని ఇటుక కొనకూడదు.

ప్రశ్న: దేవనహళ్లి తాలూకాలో నాకూ తమ్ముడికీ కలిపి 2 ఎకరాలుంది. అందులో 20 గుంటలు (అర ఎకరం) కన్వర్షన్ చేయించి ఇద్దరం ఇళ్లు కట్టుకుందామనుకుంటున్నాం. ఏది ముందు, ఏది తర్వాత చేయాలి?
— ఒక పాఠకుడు, దేవనహళ్లి

మొదలు జోన్‌తోనే. బయాపా (బెంగళూరు విమానాశ్రయ ప్రాంత ప్లానింగ్ అథారిటీ) ఆఫీసులో మీ సర్వే నంబరుకు ల్యాండ్ యూజ్ ధ్రువీకరణ, దానికి జతగా మ్యాపు ముక్క తీసుకోండి. సర్వే నంబర్లు చూపించే దిశాంక్ యాప్‌లో చూసిన హద్దుగానీ, బ్రోకరు ఫోన్లో చూపించే రంగుల మ్యాపుగానీ దీనికి బదులు కావు. ఒకే సర్వే నంబరు సగం ఎల్లోలో, సగం గ్రీన్‌లో ఉండటం మామూలే. మీ 20 గుంటలు ఎటువైపు పడతాయన్నదే ప్రశ్న. మాస్టర్ ప్లాన్‌లో వేయబోయే రోడ్డు ఏదైనా మీ భూమి మీదుగా గీసి ఉందేమో కూడా అక్కడే అడగండి. గ్రీన్ జోన్ అని తేలితే ముందు భూ వినియోగ మార్పు తెచ్చుకోవాలి. టౌన్ ప్లానింగ్ చట్టం 14ఎ కింద పత్రికా ప్రకటన, అభ్యంతరాలు వినడం అన్నీ దాటి రావాల్సిన దారి అది. రెండిళ్ల కోసం ఆ దారి పట్టమని మేం చెప్పం.

ఎల్లో అయితే ఆర్‌టీసీ చేతిలో పెట్టుకుని గళ్లు చదవండి. 3వ గడిలో మొత్తం విస్తీర్ణం, ఖరాబు (సాగు లెక్కలోకి రాని నేల) ఉంటాయి. 9వ గడిలో యజమానుల పేర్లు ఉంటాయి. మీ ఇద్దరివే కాక ఎప్పుడో పోయిన పెదనాన్న పేరు కూడా ఉంటే ముందు అది తేల్చుకోవాలి, ఎందుకంటే అక్కడున్న ప్రతి యజమానీ అఫిడవిట్ మీద సంతకం చేయాలి. 11వ గడిలో హక్కులు, రుణాలు ఉంటాయి. పంట రుణం ఎప్పుడో తీర్చేసినా బ్యాంకు పేరు అక్కడ అలాగే ఉండిపోతుంది. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం తెచ్చి తాలూకా ఆఫీసులో ఆ నమోదు తీయించుకోండి. దరఖాస్తులు ఆగిపోవడానికి మామూలుగా కనిపించే కారణాల్లో ఇదొకటి. ముందే చూసుకుంటే తేలిగ్గా తప్పించుకోవచ్చు.

మీ తాతల కాలంలో ఆ భూమి సర్కారు మంజూరు చేసిందేమో కూడా పాత మ్యుటేషన్లలో (పేరు మార్పు నమోదుల్లో) చూడండి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి మంజూరైన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మడం 1978 నాటి పీటీసీఎల్ చట్టం ప్రకారం చెల్లదు. అసలు మంజూరుదారుని వారసులు భూమి తిరిగి ఇప్పించమని అడగడానికి కాలపరిమితి అడ్డు రాకుండా 2023లో సవరణ కూడా చేశారు. వంశపారంపర్య భూమి అయితే మీకు ఈ బెడద లేదు. కొన్న భూమి అయితే మాత్రం ఈ ఒక్క విషయం కోసమైనా లాయరుకు చూపించాలి.

ఇప్పుడు సర్వే. మొత్తం 2 ఎకరాలు కాక అందులో ఒక ముక్కకే కన్వర్షన్ అడుగుతున్నారు కాబట్టి 11ఇ స్కెచ్, అంటే ఆ ముక్కను విడిగా కొలిచి గీసిన సర్వే పటం కావాలి. దీనికి దరఖాస్తు సర్వే శాఖ మోజిణి సేవ ద్వారా పెట్టాలి. సర్వేయరు వచ్చి పక్క పొలాలవాళ్లకు నోటీసిచ్చి కొలుస్తాడు. ఆ రోజు మీరిద్దరూ అక్కడే ఉండండి. ఇంటికి మంచి మూల కోసం చూస్తారు గానీ, రోడ్డు నుంచి ఆ ముక్కకు దారి స్కెచ్‌లో పడిందా లేదా అన్నది చాలామంది చూడరు. మిగిలిన ఎకరంన్నర మీదుగా నడిచి వెళ్లొచ్చు అనుకుంటారు. రేపు ఆ ఎకరంన్నర చేతులు మారితే ఇంటికి దారి ఉండదు. అందుకే రోడ్డు పక్క నుంచి ముక్క కోయించండి. అది కుదరకపోతే దారిని కూడా కలుపుకుని కొలిపించండి. ఊరి బండిదారి మీద ఆధారపడితే, గ్రామ పటంలో చుక్కల గీతలతో అది గీసి ఉండాలి. నేల మీద బండి చక్రాల జాడ ఉన్నంత మాత్రాన సరిపోదు.

ఇక్కడే ఇంకో చిక్కు వస్తుంది. ఆర్‌టీసీలో 2 ఎకరాలని ఉంటుంది, సర్వే శాఖ విస్తీర్ణపు రిజిస్టరైన ఆకారబంద్‌లో 1 ఎకరం 38 గుంటలని ఉంటుంది. ఈ రెండూ కలవకపోతే స్కెచ్ ముందుకు కదలదు. సవరణకు విడిగా అర్జీ పెట్టుకోవాలి. ఆకారబంద్, టిప్పణి (పాత సర్వే కొలతల పత్రం) నకళ్లు మొదటి రోజే తీసుకుని పోల్చుకుంటే ఈ సంగతి నెలల తర్వాత కాక మొదటి వారంలోనే తెలుస్తుంది.

కన్వర్షన్ అడిగేది భూ కందాయ (ల్యాండ్ రెవెన్యూ) చట్టం 1964, సెక్షన్ 95 కింద. దరఖాస్తు ఆన్‌లైన్‌లో జిల్లాధికారికి వెళ్తుంది. 200 రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేసిన అఫిడవిట్, ఆర్‌టీసీ, మ్యుటేషన్ నకలు, 11ఇ స్కెచ్ జతచేయాలి. ఏ ఉపయోగానికి అడుగుతున్నారో స్పష్టంగా రాయాలి. నివాసానికని తీసుకున్న కన్వర్షన్‌తో గోడౌనుగానీ బడిగానీ కట్టడానికి వీల్లేదు, దానికి మళ్లీ అనుమతి కావాలి. ఆమోదమైతే రుసుము కట్టమని వస్తుంది. కట్టాక డిజిటల్ సంతకంతో ఆర్డరు వస్తుంది. ఆ ఆర్డరు చివర షరతులుంటాయి. ఎంత కాలంలోగా ఆ ఉపయోగానికి వాడాలో, రోడ్డు మధ్య నుంచి ఎంత వదలాలో అక్కడే రాసి ఉంటుంది. వాటిని చదవకుండా దాచిపెట్టకండి.

ఆర్డరు రాగానే ఇల్లు మొదలుపెట్టొచ్చనుకోవద్దు. ఆర్‌టీసీలో కన్వర్షన్ నమోదైందో లేదో చూసుకోండి. ఇద్దరికీ వేరువేరు ఇళ్లంటే 20 గుంటలను రెండు సైట్లుగా విడదీసే ప్లానుకు బయాపా ఆమోదం కావాలి. అది చేతికొచ్చాక పంచాయతీలో ఇ–స్వత్తు దరఖాస్తు పెట్టి, పీడీఓ (పంచాయతీ అభివృద్ధి అధికారి) సంతకంతో ఫారం 9, 11ఎ ఒక్కొక్కరి పేరు మీద తీసుకోండి. వాటిలో కొలతలు, నాలుగు దిక్కుల చెక్కుబందీ ఆమోదించిన ప్లానుతో అక్షరం అక్షరం కలవాలి. తూర్పు పడమరలు తారుమారైన ఫారాలు వస్తూనే ఉంటాయి. సంతకం కాకముందు దిద్దించడం తేలిక, అయ్యాక దిద్దించడం పెద్ద పని. ఆ తర్వాతే ఇంటి ప్లాను మంజూరు, పంచాయతీ రాజ్ చట్టం సెక్షన్ 64 కింద పంచాయతీ లైసెన్సు. పునాదికి ముగ్గు పోసేది అప్పుడే.

ప్రశ్న: మా ఆర్‌టీసీలో 2.20.08 అని ఉంది. అంటే 220 సెంట్లే కదా? అమ్మేవారు 250 సెంట్లకు డబ్బడుగుతున్నారు.

ఆయన అడిగేది సరైన లెక్కే. ఆ చుక్క దశాంశం కాదు. ముందుది ఎకరాలు, మధ్యది గుంటలు, చివరిది ఆణాలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 16 ఆణాలు. గుంట అంటే 1,089 చదరపు అడుగులు, మన లెక్కలో రెండున్నర సెంట్లు లేదా 121 గజాలు. కాబట్టి మీది రెండెకరాల ఇరవై గుంటల ఎనిమిది ఆణాలు, అంటే 251 సెంట్లకు పైనే. 30×40 సైటు 1,200 చదరపు అడుగులు కనుక గుంట కన్నా కొంచెం ఎక్కువ. అయితే ధర మాట్లాడే ముందు ఈ మొత్తంలోంచి బి ఖరాబు తీసేయాలి. దాని గురించి కింది జవాబులో చూడండి.

ప్రశ్న: మేం చూస్తున్న పొలం అంచున ఎండిపోయిన కాలువ ఉంది. పూడ్చి చదును చేసుకోవచ్చని బ్రోకరు అంటున్నాడు. నిజమేనా?
— దొడ్డబళ్లాపుర నుంచి

కాదు. కాలువ ఎండినా రికార్డులో పారుతూనే ఉంటుంది. ఆర్‌టీసీ 3వ గడిలో ఖరాబు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఎ ఖరాబు సాగుకు పనికిరాని రాతి నేల వంటిది, పట్టా భూమిలో భాగమే. బి ఖరాబు ఊరందరిది. కాలువ, దారి, చెరువు కట్ట వంటివి అందులోకి వస్తాయి. దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు. 2.20లో 0.06 బి ఖరాబు ఉంటే మీకు అమ్మగలిగేది 2.14 మాత్రమే. అమ్మకపు పత్రంలో 2.20 అని రాయించుకున్నా ఆ 6 గుంటలు మీవి కావు.

కాలువ స్థలం పోతే పోయింది, పక్కన వదలాల్సిన బఫర్ ఇంకా పెద్దది. బెంగళూరు నగరానికి బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ 2015 ప్రకారం పెద్ద రాజకాలువకు, అంటే ప్రధాన వాననీటి కాలువకు 50 మీటర్లు, రెండో తరగతికి 25, మూడో తరగతికి 15, అదీ కాలువ మధ్య నుంచి కొలిచి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో వీటిని మార్చి కొత్త దూరాలు చెప్పినా, 2019 మార్చిలో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. మీకు వర్తించేది మీ ప్లానింగ్ అథారిటీ మాస్టర్ ప్లాన్‌లోని దూరం, కాబట్టి దాన్ని అక్కడే అడగండి. ఎంత తేడా పడుతుందో తెలియాలంటే, అన్నిటికన్నా తక్కువైన 15 మీటర్లనే తీసుకోండి. దాదాపు 49 అడుగులు. 30×40 సైటుకు కాలువ ఒక పక్కగా పోతుంటే ఇల్లు కట్టడానికి అడుగు కూడా మిగలదు.

ప్రశ్న: ఫార్మ్‌హౌస్‌కు కన్వర్షన్ అక్కర్లేదని చెప్పి 5 గుంటల ఫార్మ్ ప్లాట్లు అమ్ముతున్నారు. కొని ఇల్లు కట్టి, వారాంతాల్లో అద్దెకిచ్చుకోవచ్చా?

వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజముంది. 2020లో భూ సంస్కరణల చట్టంలోని 79ఎ, 79బి సెక్షన్లు తీసేశాక రైతు కానివాళ్లు కూడా వ్యవసాయ భూమి కొనుక్కోవచ్చు. సాగుదారు తన పొలంలో కన్వర్షన్ లేకుండా ఫార్మ్‌హౌస్ కట్టుకోవడానికీ భూ కందాయ చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే అది తాను ఉండటానికో, పనిముట్లు పెట్టుకోవడానికో, పశువులను కట్టుకోవడానికో మాత్రమే. అది తన భూమిలో పదో వంతు దాటకూడదు, వ్యాపారానికి అద్దెకివ్వకూడదు.

లెక్క వేసుకోండి. 5 గుంటల్లో పదో వంతు అర గుంట, 544 చదరపు అడుగులు. బ్రోషర్‌లో చూపించే ఈతకొలను, రెండంతస్తుల ఇల్లు ఇందులో ఎక్కడ పడతాయి? మాస్టర్ ప్లాన్ ఉన్న ప్రాంతంలో గ్రీన్ జోన్‌కు కనీస విస్తీర్ణం నియమాలు విడిగా ఉంటాయి, అవీ దాటాలి. వారాంతపు అద్దె అయితే వ్యాపారమే, దానికి వాణిజ్య కన్వర్షన్ కావాలి. మొక్కలు పెంచుకుందామన్న ఇష్టంతో కొనేవాళ్లకు మేం అడ్డుచెప్పం. అద్దె వస్తుందన్న లెక్కతో మాత్రం కొనకండి.

ప్రశ్న: బాగేపల్లి దగ్గర మా అత్తగారి ఊళ్లో పాత ఇంటి మీద పైఅంతస్తు వేయాలి. ఖాతా ఇంకా పోయిన మామగారి పేరునే ఉంది. దీనికి కూడా కన్వర్షన్ కావాలా?

ఇల్లు గ్రామఠాణా హద్దు లోపలే ఉంటే అక్కర్లేదు. ముందు పౌతి ఖాతా, అంటే పోయినవారి పేరు నుంచి వారసుల పేరుకు ఖాతా మార్పు చేయించండి. మరణ ధ్రువపత్రం, నాడకచేరి (స్థానిక రెవెన్యూ ఆఫీసు) నుంచి వంశవృక్షం, వారసులందరి ఒప్పుకోలు కావాలి. ఆడపడుచుల సంతకాలు తర్వాత చూద్దాం అనుకోవద్దు, వాళ్లకూ సమాన హక్కుంది. స్వామిత్వ పథకం కింద ఊళ్లో డ్రోన్ సర్వే జరిగి ఉంటే మీ ఇంటికి కార్డు వచ్చిందేమో పంచాయతీలో అడగండి, కొలతలు తేలికవుతాయి. ఖాతా మారాక ఫారం 9, 11ఎ తీసుకుని పైఅంతస్తు ప్లానుతో లైసెన్సుకు వెళ్లండి. కింద మట్టితో కట్టిన రాతి గోడలైతే ఇంజనీరు చూడకుండా స్లాబు వేయకండి. ఆ గోడలు పెంకుల బరువుకు కట్టినవి.

ప్రశ్న: ఇల్లు సగం అయింది. బోరు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు విషయంలో ఏం జాగ్రత్తపడాలి?
— నెలమంగల నుంచి

బోరు వేసే 15 రోజుల ముందు పంచాయతీకి రాతపూర్వకంగా తెలపాలి, ఇది 2010లో సుప్రీంకోర్టు పెట్టిన నియమం. 2011 భూగర్భజల చట్టం కింద నోటిఫై అయిన తాలూకాలో ముందుగా అనుమతి కూడా తీసుకోవాలి. నీళ్లు పడకపోతే ఆ గుంతను అడుగు నుంచి పైదాకా పూడ్పించాకే బోరు బండిని పంపించండి. సంచి కప్పి రాయి పెట్టడంతో ఆగితే పిల్లల ప్రాణాలమీదికి వస్తుంది.

సెప్టిక్ ట్యాంకు నీళ్లు వెళ్లే ఇంకుడు గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. 30×40 సైటు పొడవే 12 మీటర్లు, కాబట్టి రెండూ అందులో ఇమడవు. అలాంటిచోట బోరు నీళ్లు తాగడానికి వాడకండి. పక్కవాళ్ల బోరు ఎక్కడుందో చూసి మీ గుంతను దానికి దూరపు మూలలో పెట్టండి.

కరెంటుకు ఇప్పుడు మీ దగ్గరున్నది కట్టడపు పనికిచ్చే తాత్కాలిక కనెక్షన్ అయి ఉంటుంది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, శాశ్వత కనెక్షన్‌కు ఇల్లు ప్లాను ప్రకారమే పూర్తయిందన్న ధ్రువపత్రం అడుగుతున్నారు. చిన్న ఇళ్లకు ఇచ్చే సడలింపులు మీకు వర్తిస్తాయేమో బెస్కాం (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఇప్పుడే అడగండి. ప్లానులో లేని బాల్కనీగానీ గదిగానీ కలిపి ఉంటే, స్లాబు పడకముందే సవరించిన ప్లాను మంజూరు చేయించుకోండి.